జపాన్‌లో పరిచర్యకు వెళ్తున్న దంపతులకు: కాపురం ఎలా పెట్టాలి, సెలవు రోజున ఏం చూడాలి

మీ సంఘమో, మిషన్ సంస్థో మీ ఇద్దరినీ జపాన్‌కు పంపాలని నిర్ణయించింది. ప్రార్థన చేసుకున్నారు, ఇంట్లో పెద్దవాళ్ళను ఒప్పించారు. ఇక పెట్టెలో ఏం సర్దాలి, అక్కడ తెల్లవారితే ఏం చేయాలి, సెలవు దొరికితే ఎక్కడికి వెళ్ళాలి అన్న ప్రశ్నలు మొదలవుతాయి. నేను, మా ఆయన నాగసాకిలో కాపురం చేస్తూ నేర్చుకున్నవీ, మా తర్వాత వస్తున్న దంపతులకు చెబుతున్నవీ వరుసగా ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా ఒక్క మాట. జపాన్‌లో క్రైస్తవులు నూటికి ఒక్కరు మాత్రమే. మీ ప్రసంగం వినేవాళ్ళు కొద్దిమందే ఉంటారు. మీరు ఎలా బతుకుతున్నారో మాత్రం వీధిలో అందరూ చూస్తారు. అందుకే ఇందులో బోధన గురించి తక్కువ, ఇల్లు, వీధి, వంట గురించి ఎక్కువ ఉంటుంది.

1. వీసా ఇద్దరి పేరా అడగండి

మతపరమైన పనికి వచ్చేవాళ్ళకు జపాన్ ప్రత్యేకంగా ఒక నివాస హోదా ఇస్తుంది. అది 5 ఏళ్ళు, 3 ఏళ్ళు, 1 ఏడాది, 3 నెలలు అనే గడువుల్లో వస్తుంది. జపాన్ బయట ఉన్న సంస్థ మిమ్మల్ని పంపుతున్నట్టు నియామక పత్రం ఉండాలి. అక్కడ మిమ్మల్ని చేర్చుకునే సంఘం ముందుగా జపాన్ ఇమ్మిగ్రేషన్ ఆఫీసులో అర్హతా పత్రానికి దరఖాస్తు చేస్తుంది. ఆ పత్రం వచ్చాక దాన్ని పెట్టి ఇండియాలో వీసా తీసుకోవాలి. పత్రం చెల్లుబాటు 3 నెలలే. అందుకని అది చేతికి రాకముందే ఇంటి సామాను సంగతి, ఉద్యోగానికి రాజీనామా సంగతి తేల్చుకోండి.

చాలా సంస్థలు భర్తకు మాత్రమే నియామక పత్రం ఇచ్చి, భార్యను డిపెండెంట్‌గా పంపుతాయి. నాకు ఇది నచ్చదు. మన సంఘాల్లో పాస్టరమ్మ గారు స్త్రీల కూటం, సండే స్కూల్, ఇంటింటి పరామర్శ అన్నీ మోస్తారు. ఆ పని కాగితం మీద కూడా కనిపించాలి. భార్య నిజంగా పరిచర్య చేసేదైతే ఇద్దరికీ నియామక పత్రం ఇవ్వమని గట్టిగా అడగండి. డిపెండెంట్‌గా వెళ్ళినవాళ్ళు జీతానికి పని చేయాలంటే విడిగా అనుమతి తీసుకోవాలి, అదీ మామూలుగా వారానికి 28 గంటల వరకే. మత హోదాలో ఉన్నవాళ్ళు కూడా బయట డబ్బుకు ఇంగ్లీష్ పాఠాలు చెప్పాలంటే ముందు అనుమతి తప్పనిసరి. ఈ విషయంలో ఎవరో చెప్పారని ముందుకు వెళ్ళకండి.

2. పెట్టెలో పెట్టకూడనివి ముందు తీసేయండి

అత్తగారు ప్రేమగా కట్టిచ్చే కోడి పచ్చడి, మటన్ పచ్చడి జపాన్‌కు తీసుకెళ్ళకూడదు. మాంసంతో చేసినవి ఏ రూపంలో ఉన్నా విమానాశ్రయంలో ఆపేస్తారు. పచ్చి కరివేపాకు, మొక్కలు, విత్తనాలు కూడా మన దేశపు తనిఖీ పత్రం లేకుండా పనికిరావు. ఆవకాయ, గోంగూర మాత్రం గట్టిగా ప్యాక్ చేయించి పట్టుకెళ్ళండి.

మందుల విషయంలో జాగ్రత్త. డాక్టర్ రాసిచ్చిన మందులు నెల రోజులకు సరిపడా మాత్రమే నేరుగా తీసుకెళ్ళవచ్చు. అంతకు మించితే ముందే జపాన్ ఆరోగ్య శాఖ నుంచి దిగుమతి ధ్రువపత్రం తెచ్చుకోవాలి. కోడీన్ ఉన్న దగ్గు మందులకు, సూడోఎఫెడ్రిన్ ఎక్కువగా ఉన్న జలుబు మందులకు అక్కడ కఠినమైన నిబంధనలున్నాయి. షుగర్, బీపీ ఉన్నవాళ్ళు మందు చీటీ ఇంగ్లీష్‌లో రాయించుకుని దగ్గర పెట్టుకోండి.

మిక్సీ తీసుకెళ్ళకండి. అక్కడి కరెంటు 100 వోల్టులు, మన మిక్సీకి 230 కావాలి. ప్లగ్గులు కూడా రెండు బల్లపరుపు కాళ్ళవే. కుక్కర్ తీసుకెళ్తే అడుగు ఇండక్షన్‌కు పనికొచ్చే స్టీలుది తీసుకోండి. చాలా అద్దె ఇళ్ళలో ఇండక్షన్ పొయ్యిలే ఉంటాయి, వాటి మీద అల్యూమినియం కుక్కర్ వేడెక్కదు. విప్పడానికి, తొడగడానికి తేలికైన చెప్పులు, చిరుగుల్లేని సాక్సులు తప్పకుండా పెట్టుకోండి. ఇల్లు, చర్చి, గుడి, కొన్ని హోటళ్ళు, ఎక్కడికెళ్ళినా గుమ్మంలో చెప్పులు విడవాలి.

3. దిగిన మొదటి రెండు వారాలు ఆఫీసుల పనికే కేటాయించండి

నరిత, హనేద, కన్‌సాయి, ఫుకుఓకా లాంటి పెద్ద విమానాశ్రయాల్లో దిగితే నివాస కార్డు అక్కడికక్కడే చేతికిస్తారు. అది ఎప్పుడూ జేబులో ఉండాలి. ఇల్లు కుదిరిన 14 రోజుల్లోగా ఆ ఊరి మునిసిపల్ ఆఫీసుకు వెళ్ళి చిరునామా నమోదు చేయించండి. అదే రోజు, అదే భవనంలో జాతీయ ఆరోగ్య బీమా కౌంటర్‌కూ వెళ్ళండి. బీమా ఉంటే ఆస్పత్రి ఖర్చులో మామూలుగా 30 శాతమే మీరు కట్టాలి. పింఛను పథకంలో కూడా 20 నుంచి 59 ఏళ్ళ వాళ్ళు చేరాలి. మీకు వచ్చే సపోర్టు తక్కువైతే మినహాయింపుకు దరఖాస్తు ఉంటుంది, సిగ్గుపడకుండా అడగండి.

బ్యాంకు ఖాతా, ఫోన్ నంబర్ ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి. మొదటి రోజు అన్నీ కాకపోతే టెన్షన్ పడకండి. తపాలా బ్యాంకును కూడా ఒకసారి ప్రయత్నించండి. అద్దె ఇంటికి అడ్వాన్సుతో పాటు యజమానికి తిరిగిరాని కానుక సొమ్ము, పూచీ కంపెనీకి ఫీజు అడగవచ్చు. చేరిన నెలలో ఖర్చు మామూలు నెల ఖర్చుకు కొన్ని రెట్లు ఉంటుందని మిమ్మల్ని పంపే సంఘానికి ముందే చెప్పండి.

కారు కావాలనుకునేవాళ్ళు ఇండియాలో ఉండగానే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ తీసుకోండి. దిగిన రోజు నుంచి గరిష్ఠంగా ఏడాది వరకు నడపవచ్చు. అక్కడ కూడా మనలాగే ఎడమ వైపు ప్రయాణం, కాబట్టి అలవాటు పడటం కష్టం కాదు. ఆ ఏడాదిలోనే జపాన్ లైసెన్సు పరీక్షకు సిద్ధం కావాలి.

4. పొరుగువాళ్ళ గుమ్మం ముందు తొక్కండి

ఇంట్లో దిగిన రెండు మూడు రోజుల్లో, చీకటి పడకముందు, ఇద్దరూ కలిసి పొరుగిళ్ళకు వెళ్ళండి. ఎదుటి మూడిళ్ళు, ఇరుపక్కల రెండిళ్ళు అన్నది అక్కడి పాత ఆచారం. అపార్ట్‌మెంట్ అయితే పక్క ఫ్లాట్లు, పైనా కిందా ఉన్నవాళ్ళు. చిన్న తువ్వాలో, బట్టల సబ్బు పొడి ప్యాకెట్టో కాగితంలో చుట్టి ఇచ్చి, పేరు చెప్పి, తల వంచి నమస్కరించి రండి. ఆ రోజు కరపత్రం ఇవ్వకండి, కూటానికి రమ్మని పిలవకండి. ఏం పని చేస్తారని వాళ్ళు అడిగితే ఫలానా చర్చిలో అని నిజం చెప్పండి, అంతటితో ఆపండి.

తర్వాత చెత్త. ఏ రోజు కాలే చెత్త, ఏ రోజు ప్లాస్టిక్, ఏ రోజు సీసాలు, డబ్బాలు అన్నది మునిసిపల్ ఆఫీసు ఇచ్చే క్యాలెండర్‌లో ఉంటుంది. దాన్ని ఫ్రిజ్ మీద అంటించండి. చాలా ఊళ్ళలో ఊరి పేరున్న సంచిలోనే వేయాలి, ఆ సంచులు సూపర్ మార్కెట్‌లో కొనుక్కోవాలి. ముందురోజు రాత్రి పెట్టకూడదు, పొద్దున చెప్పిన వేళకే పెట్టాలి. తప్పుగా వేసిన సంచిని స్టిక్కర్ అంటించి అక్కడే వదిలేస్తారు. అది ఎవరిదో వీధిలో అందరికీ తెలుస్తుంది. ఈ పని భార్య మీదే వదిలేయకుండా భర్త కూడా నేర్చుకోవాలి.

వీధి సంఘం తిప్పే సమాచార పలక ఒకటి ఇంటింటికీ వస్తుంది. చదవడం రాకపోయినా మీ గుర్తు వేసి ఆ రోజే పక్కింటికి అందించండి. కాలువ శుభ్రం చేసే రోజు, గడ్డి కోసే రోజు ఉంటే చేతి తొడుగులు వేసుకుని వెళ్ళండి. మాకు జపనీస్ పెద్దగా రాని రోజుల్లో వీధిలో మంచి స్నేహాలన్నీ గడ్డి కోసిన చోటే దొరికాయి.

ఇక శబ్దం గురించి. మనకు కుటుంబ ప్రార్థన అంటే గొంతెత్తి పాడటం, చప్పట్లు కొట్టడం. అక్కడ గోడలు పలచన. రాత్రి తొమ్మిది దాటాక పాటలు వద్దు. తెల్లవారుజామున ప్రార్థన చేసేవాళ్ళు మెల్లగా చేసుకోండి. ఆల్ నైట్ ప్రేయర్ పెట్టాలనిపిస్తే చర్చి భవనంలోనే, అదీ స్థానిక పాస్టర్ గారి అనుమతితో. మనసారా పాడాలనిపించిన రోజున సముద్రపు గట్టుకు వెళ్ళండి, అక్కడ ఎవరికీ ఇబ్బంది ఉండదు.

5. వారానికి ఒక వరుస పెట్టుకోండి

మొదటి రెండేళ్ళు మీ అసలు పరిచర్య భాష నేర్చుకోవడమే. ఈ మాట పంపేవాళ్ళకు కూడా అర్థమయ్యేలా చెప్పండి, లేకపోతే మొదటి ఏడాదే బాప్తిస్మాల లెక్క అడుగుతారు. ప్రొటెస్టెంట్ మిషనరీల్లో తొలితరం వాడైన జేమ్స్ హెప్‌బర్న్, భార్య క్లారాతో 1859లో యోకోహామా పక్కనున్న కనగవాలో దిగారు. క్రైస్తవం మీద నిషేధపు పలకలు 1873 దాకా తీయలేదు కాబట్టి బహిరంగంగా బోధించే వీలు లేదు. ఆయన డాక్టర్, రోగులకు వైద్యం చేశాడు. మాటలు పోగేసి 1867లో జపనీస్-ఇంగ్లీష్ నిఘంటువు తెచ్చాడు. ఈ రోజు రైలు స్టేషన్ బోర్డుల మీద మనం చదివే రోమన్ లిపి పద్ధతికి ఆయన పేరే ఉంది. క్లారా ఇంట్లో పిల్లలకు పాఠాలు చెప్పింది. 33 ఏళ్ళు అక్కడే ఉండి 1892లో వెనక్కి వెళ్ళారు. పరిచర్య ఎలా మొదలుపెట్టాలో తెలియనప్పుడు ఈ దంపతుల జీవితం చదవండి.

మాకు కుదిరిన వరుస ఇది. పొద్దున ఇద్దరూ భాషా బడికి. మధ్యాహ్నం ఒకరు చర్చి పనులకు, ఒకరు ఇంటి పనులకు, వారం వారం మారుతూ. బుధవారం ప్రార్థన కూటం, చాలా చర్చిల్లో పొద్దున ఒకటి, రాత్రి ఒకటి ఉంటాయి. శనివారం చర్చి శుభ్రం చేయడం, ఆదివారపు కరపత్రం మడతపెట్టడం. ఆదివారం ఆరాధన పదిన్నరకు అని ఉంటే పదింబావుకే కూర్చుని ఉండాలి. మన దగ్గరలా పాటలు సాగుతుండగా వచ్చి చేరడం అక్కడ లేదు. ఆరాధన తర్వాత అందరూ కలిసి భోంచేసే చర్చిల్లో తరచుగా కూర అన్నమే పెడతారు. వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు తోమే పనిలో ఇద్దరూ చేరండి.

భాష విషయంలో తెలుగువాళ్ళకు ఒక మేలుంది. జపనీస్‌లోనూ క్రియ వాక్యం చివరే వస్తుంది, విభక్తులు మాట వెనకే చేరతాయి, పెద్దలతో ఒకలా, చిన్నవాళ్ళతో ఒకలా మాట్లాడతారు. ఇంగ్లీష్ మీదుగా నేర్చుకోకుండా తెలుగు నుంచే ఆలోచించండి, వాక్యం తొందరగా పట్టుబడుతుంది. లిపే కష్టం. హిరగానా 46, కతకానా 46 అక్షరాలు ఇండియాలో ఉండగానే నేర్చేసుకోండి. రోజువారీ వాడుకకు ప్రభుత్వం నిర్ణయించిన కంజీలు, అంటే చైనా నుంచి వచ్చిన అక్షరాలు, 2,136, వాటికి ఏళ్ళు పడుతుంది.

6. విశ్వాసం గురించి మాట్లాడే ముందు ఆ దేశం మనసులో ఉన్న భయం తెలుసుకోండి

1995 మార్చి 20న టోక్యో సబ్‌వేలో ఓం షిన్రిక్యో అనే మత సంస్థ సారిన్ విషవాయువు వదిలింది. ఆ తర్వాత మతం అనే మాటకే జనం వెనకడుగు వేయడం మొదలైంది. 2022లో ఒక మత సంస్థ మీద కోపంతో జరిగిన మాజీ ప్రధాని షింజో అబే హత్య తర్వాత, విశ్వాసుల నుంచి భారీగా కానుకలు గుంజే సంస్థల మీద పెద్ద చర్చ నడిచింది. కాబట్టి తలుపు కొట్టి సువార్త చెప్పబోతే మీకు ఎదురయ్యేది ద్వేషం కాదు, భయం. దాన్ని గౌరవించండి.

పోస్టు పెట్టె మీద కరపత్రాలు వద్దని స్టిక్కర్ ఉంటే వేయకండి. మొదటి పరిచయంలో కానుకల ప్రస్తావన, ఫోన్ నంబర్ అడగడం వద్దు. ఇంగ్లీష్ క్లాసు పెడితే అందులో బైబిలు భాగం ఉందని ప్రకటనలోనే రాయండి. క్లాసు అని పిలిచి ప్రసంగం వినిపించడం మోసం కిందికి వస్తుంది, ఆ చర్చికి మళ్ళీ ఎవరూ రారు. ఎవరైనా ఇంటికి పిలిస్తే అక్కడ చనిపోయిన పెద్దల ఫొటోలతో చిన్న బౌద్ధ పూజాపీఠం ఉండవచ్చు. మీరు మొక్కనక్కర్లేదు, విమర్శించనూ వద్దు. ఆ ఫొటోలో ఉన్నది ఎవరని అడగండి. వాళ్ళ అమ్మ గురించి, నాన్న గురించి చెబుతారు. శ్రద్ధగా వినండి.

డిసెంబర్ 25 అక్కడ సెలవు కాదు. కానీ 24 రాత్రి కొవ్వొత్తుల ఆరాధనకు చర్చి ఎప్పుడూ చూడనివాళ్ళు కూడా వస్తారు. ఏడాది పొడవునా మీరు చేసిన స్నేహాలు ఆ రాత్రి గుమ్మం లోపలికి వస్తాయి. ఆ వారం ఊరికి వెళ్ళే ఆలోచన పెట్టుకోకండి.

7. వంట

నగరాల్లో దక్షిణాసియా సరుకుల దుకాణాలున్నాయి, లేని చోటికి కందిపప్పు, చింతపండు, ఆవాలు ఆన్‌లైన్‌లో వస్తాయి. సూపర్ మార్కెట్‌లో వంకాయ, బెండకాయ, కాకరకాయ, ముల్లంగి వాళ్ళ రకాలు దొరుకుతాయి. పంచదార వేయని పెరుగు డబ్బాలు ఉంటాయి, పెరుగన్నానికి లోటుండదు. జపాన్ బియ్యం జిగురుగా ఉంటుంది కాబట్టి పులిహోరకు బాస్మతి వాడండి. శాకాహారులు సూపుల్లో, సాసుల్లో చేపల రసం ఉంటుందని గుర్తుంచుకోండి. పొరుగువాళ్ళకు వంటకం ఇవ్వాలనిపిస్తే కారం సగానికి సగం తగ్గించండి. మా వీధిలో గారెలు బాగా నచ్చాయి.

8. సోమవారం సెలవు ఎలా వాడుకోవాలి

పాస్టర్లకు సెలవు సోమవారం. అక్కడి మ్యూజియాలు, కోటలు చాలావాటికి కూడా సెలవు సోమవారమే. ఇది తెలియక మూసిన గేట్ల దాకా వెళ్ళేవాళ్ళు ఎందరో. ఉపాయం ఏమిటంటే, సోమవారం ప్రభుత్వ సెలవైతే మ్యూజియం మామూలుగా తెరిచి ఉంచి మంగళవారం మూస్తారు. జనవరి రెండో సోమవారం, జులై మూడో సోమవారం, సెప్టెంబర్ మూడో సోమవారం, అక్టోబర్ రెండో సోమవారం అలాంటివి. ఆ రోజులను మ్యూజియాలకు ఉంచుకుని, మిగతా సోమవారాలు కొండలు, సముద్రం, చర్చిలు, పార్కులకు పెట్టుకోండి. ఏప్రిల్ చివరి నుంచి మే 5 దాకా, ఆగస్టు మధ్యలో, కొత్త సంవత్సరానికి దూర ప్రయాణాలు పెట్టుకోవద్దు. రద్దీ ఎక్కువ, గదుల ధరలూ ఎక్కువ.

టూరిస్టులు జపాన్ రైల్వే రైళ్ళలో తిరగడానికి వాడే జేఆర్ పాస్ మీకు రాదు. అది తాత్కాలిక సందర్శకులకే. నివాస కార్డు ఉన్న మీకు హైవే బస్సులు, ముందే కొనే రాయితీ టికెట్లు, బడి సెలవుల కాలంలో అమ్మే సెయిషున్ 18 టికెట్ ఉన్నాయి. చివరిది వరుసగా 3 లేదా 5 రోజులు, నెమ్మదిగా పోయే రైళ్ళకే చెల్లుతుంది. పేరులో 18 ఉన్నా ఏ వయసువాళ్ళైనా కొనవచ్చు. మీ అమ్మానాన్నలు సందర్శక వీసా మీద వస్తే మాత్రం వాళ్ళకు జేఆర్ పాస్ తీసుకోవచ్చు. 2023 అక్టోబర్‌లో ధర బాగా పెరిగి 7 రోజుల పాస్ 50,000 యెన్లు అయింది, కాబట్టి కొనేముందు టికెట్ల ధరలు కూడి చూడండి.

9. మొదటి యాత్ర నాగసాకి

మీరు జపాన్‌లో ఏ మూల ఉన్నా, మొదటి ఏడాదిలోనే నాగసాకి చూడండి. మీకంటే ముందు వచ్చినవాళ్ళు, వాళ్ళ మాట నమ్మినవాళ్ళు ఏం అనుభవించారో తెలియకుండా ఆ దేశంలో పరిచర్య చేయకూడదని నా అభిప్రాయం. ఫుకుఓకాలోని హకాతా స్టేషన్ నుంచి రిలే కమోమె రైలెక్కి, తకెఓ ఆన్‌సెన్‌లో అదే ప్లాట్‌ఫాం మీద బుల్లెట్ రైలు షిన్‌కాన్‌సెన్‌కు మారాలి. ఈ లైను 2022 సెప్టెంబర్ 23న మొదలైంది.

స్టేషన్ నుంచి నడిచే దూరంలోనే నిషిజాకా గుట్ట ఉంది. 1597 ఫిబ్రవరి 5న 26 మంది క్రైస్తవులను అక్కడ సిలువ వేశారు. వాళ్ళను క్యోటో ప్రాంతం నుంచి చలికాలంలో నడిపించి తెచ్చారు. 26 మందిలో 20 మంది జపాన్‌వాళ్ళు, అందరికంటే చిన్నవాడు 12 ఏళ్ళ లూయిస్ ఇబరాకి. గోడ మీద వరుసగా నిలిచిన కంచు విగ్రహాల్లో గొన్సాలో గార్సియాను వెతకండి. ఆయన మన దేశంలోని వసయిలో పుట్టాడు. జపనీస్ బాగా మాట్లాడగలిగినవాడు కాబట్టి ఫ్రాన్సిస్కన్ గురువులకు దుబాసీగా ఉన్నాడు. 1862లో ఈ హతసాక్షులందరికీ పునీత హోదా ఇచ్చారు. అలా భారత గడ్డ మీద పుట్టి పునీతుడైన తొలి వ్యక్తి ఆయనే. మన చర్చిల్లో ఈ పేరు ఎందుకు వినిపించదో నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. పక్కనే మ్యూజియం ఉంది, తొందరపడకుండా చూడండి.

అక్కడినుంచి ట్రామ్ ఎక్కి శాంతి పార్కు దగ్గర దిగండి. ట్రామ్‌కు దూరంతో పని లేకుండా ఒకటే ఛార్జీ, ముందే డబ్బు వేసుకుని రైళ్ళకు, బస్సులకు వాడే, దేశమంతా చెల్లే ఐసీ కార్డు చూపిస్తే చాలు. 1945 ఆగస్టు 9న ఉదయం 11.02కు బాంబు పేలిన చోటు, అణుబాంబు మ్యూజియం చూసి ఉరకామి కథెడ్రల్‌కు నడవండి. ఉరకామి పల్లెవాళ్ళు నిషేధ కాలమంతా రహస్యంగా విశ్వాసం కాపాడుకున్నారు. బయటపడ్డాక మూడు వేల మందికి పైగా పట్టుకెళ్ళి దేశంలో దూర ప్రాంతాలకు చెదరగొట్టారు. 1873లో తిరిగొచ్చి, క్రైస్తవులు కారని రుజువు చేసుకోమని తమ తాతముత్తాతలతో ఏటా క్రీస్తు బొమ్మ తొక్కించిన గ్రామాధికారి ఇంటి స్థలాన్నే కొని, అక్కడ చర్చి కట్టారు. బాంబు పడిన రోజు అందులో పాపసంకీర్తనం చెప్పుకుంటున్నవాళ్ళు, గురువులు కూడా చనిపోయారు. ఇప్పుడున్నది 1959లో తిరిగి కట్టింది. చర్చి ముందు భాగంలో, బాంబుకు కాలిపోయిన రాతి విగ్రహాలు అలాగే ఉంచారు.

కథెడ్రల్ దగ్గరలోనే, బాంబు నుంచి బయటపడిన క్రైస్తవ వైద్యుడు డాక్టర్ తకాషి నగాయ్ బతికిన చిన్న గుడిసె న్యోకోడో ఉంది. ఆయన భార్య మిదోరి బాంబుకు చనిపోయింది. బూడిదలో ఆమె ఎముకల పక్కన జపమాల దొరికింది. ఇద్దరు పిల్లలను పెట్టుకుని, మంచం మీద నుంచే రచనలు చేస్తూ 1951లో ఆయన కన్నుమూశాడు. దంపతులు ఇక్కడ కాసేపు కూర్చోండి.

సాయంత్రం లోగా మళ్ళీ ట్రామ్‌లో షిన్చి చైనాటౌన్ దాకా వచ్చి, 5వ లైన్‌కు మారి ఓఉరా చర్చికి వెళ్ళండి. 1865 మార్చి 17న ఉరకామి నుంచి వచ్చిన చిన్న గుంపు ఒకటి ఇక్కడ ఫాదర్ పెటిట్‌జాన్‌ను కలిసింది. వాళ్ళలో ఒక స్త్రీ ఆయన దగ్గరగా వచ్చి, మా మనసు, మీ మనసు ఒకటే అని చెప్పి, మరియమాత బొమ్మ ఎక్కడ అని అడిగింది. 1614లో దేశమంతా నిషేధం వచ్చాక గురువులు లేకుండా, పుస్తకాలు లేకుండా, తరతరాలుగా విశ్వాసాన్ని పిల్లలకు అందించినవాళ్ళు వాళ్ళు. లోపల ఫొటోలు తీయకూడదు. రాత్రి రోప్‌వేలో 333 మీటర్ల ఇనాసా కొండెక్కితే కింద రేవు, ఊరు అంతా దీపాలతో కనిపిస్తాయి.

10. తర్వాతి సోమవారాలకు

నాగసాకి నుంచి బస్సులో గంటకు పైగా వెళ్తే సోతొమె తీరం వస్తుంది. అక్కడ షిత్సు పల్లెలో ఫాదర్ మార్క్ డి రోట్జ్ 1882లో చర్చి కట్టాడు. మరుసటి ఏడాది ఆడపిల్లలకు, విధవలకు పని నేర్పే కేంద్రం పెట్టి నేత, సేమ్యా తయారీ నేర్పాడు. తన ఇంటి ఆస్తి అంతా అక్కడే ఖర్చు పెట్టాడు. ఆయన పేరుతో ఆ నూడుల్స్ ఇప్పటికీ అమ్ముతారు. పరిచర్య అంటే ప్రసంగమేనని అనుకునేవాళ్ళు ఈ పల్లె తప్పకుండా చూడాలి.

ఉన్‌జెన్‌లో నేలలోంచి పొగలు కక్కే వేడినీటి బుగ్గలున్నాయి. 1627 నుంచి క్రైస్తవులను అక్కడ చిత్రహింసలు పెట్టారు, దాని గుర్తుగా సిలువ నిలబెట్టారు. ఇప్పుడది స్నానాల ఊరు. వేడినీటి స్నానశాలలో ఆడవాళ్ళకు, మగవాళ్ళకు వేర్వేరు గదులు, బట్టలు లేకుండా దిగాలి, దిగే ముందు ఒళ్ళంతా కడుక్కోవాలి. సిగ్గుగా ఉంటే గంట లెక్కన కుటుంబానికి ఇచ్చే ప్రత్యేక స్నానపు గది ఉన్న బస చూసుకోండి.

టోక్యో వైపు ఉండేవాళ్ళు యోకోహామా వెళ్ళి, 1872లో సంఘంగా ఏర్పడిన కైగాన్ చర్చి, కొండ మీది విదేశీయుల శ్మశానం చూడండి. ఒసాకా, క్యోటో ఉన్న కన్‌సాయి వైపు ఉంటే నార నగరం చూడండి. అక్కడి తోదాయ్‌జీ గుడిలోని మహా బుద్ధ విగ్రహానికి 752లో కళ్ళు దిద్దిన ఉత్సవాన్ని నడిపించింది భారతదేశం నుంచి వెళ్ళిన బోధిసేనుడనే బౌద్ధ భిక్షువు. మన విశ్వాసం వేరైనా, సముద్రం దాటి వెళ్ళి అక్కడే బతికి, అక్కడే చనిపోయిన మనిషి కథ మిషనరీలకు తెలియాలి. గుడుల్లో చేతులు కడుక్కోవడం, చప్పట్లు చరచడం మీరు చేయనక్కర్లేదు. నెమ్మదిగా చూసి రండి, లోపల వాదనలు వద్దు.

గోతో దీవులను మాత్రం ఒక్క సోమవారంలో ముగించకండి. నాగసాకి రేవు నుంచి ఫుకుఎ దీవి దాకా జెట్‌ఫాయిల్ అనే వేగపు పడవలో గంటన్నర లోపే అయినా, ఒక రాత్రి అక్కడ ఉండేలా వెళ్ళండి. 2018లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన రహస్య క్రైస్తవుల ప్రదేశాలు 12. వాటిలో నారు దీవిలోని ఎగామి చర్చి, హిసాకా దీవిలోని పాత గోరిన్ చర్చి, రాతితో కట్టిన కషిరాగాషిమా చర్చి చూడదగ్గవి. లోపలికి వెళ్ళాలంటే నాగసాకి చర్చిల సమాచార కేంద్రానికి ముందే తెలియజేయాలి. పూజ జరుగుతుంటే ఆగాలి, చెప్పులు విడవాలి, ఫొటోలు తీయకూడదు. తుఫానుల కాలంలో, ముఖ్యంగా ఆగస్టు, సెప్టెంబర్‌లలో, పడవలు రద్దవుతాయి. బుధవారం కూటం నాటికి తిరిగి రాలేకపోతే ఎవరు నడిపిస్తారో వెళ్ళేముందే స్థానిక పెద్దలతో మాట్లాడుకోండి.